ఫ్లిప్పర్ నీరసించినప్పుడు

జెర్సీ సిటీ నుండి హడ్సన్ నది దాటితే వచ్చే న్యూయార్కు నగరంలో 1942 నుండి 1976 వరకు పిన్‌బాల్ నిషిద్ధం. అది జూదమని నాటి పాలకుల వాదన. 1947లో షికాగోలోని గాట్లీబ్ సంస్థ ‘హంప్టీ డంప్టీ’ యంత్రానికి ఫ్లిప్పర్లు అమర్చడంతో బంతిపై ఆటగానికి కొంత అధికారం చిక్కింది. 1976లో రోజర్ షార్ప్ నగర మండలి సంఘం ఎదుట ఆడి, ఇది నైపుణ్యానికి సంబంధించిన ఆట అని చూపించారు. కనుక ఫ్లిప్పర్ నీరసించిన యంత్రం మళ్ళీ జూదమైపోయినట్లే!

జెర్సీ సిటీలో గానీ మరోచోట గానీ పాత యంత్రమొకటి కొని బేస్‌మెంటులో పెట్టుకున్నవారికి తరచు వినిపించే సలహా, “కాయిల్ బలం తగ్గింది, మార్చండి” అని. రాగి తీగకు వార్ధక్యం లేదు. దోషం సాధారణంగా మరోచోట ఉంటుంది.

ఫ్లిప్పర్ కాయిల్‌లో రెండు చుట్టలుంటాయి. లావు తీగ చుట్ట నిరోధం కొద్ది ఓములు. సన్న తీగ చుట్టది నూరు ఓములకు పైమాటే. బొత్తాము నొక్కగానే లావు చుట్టలో ప్రవాహం ఉరికి, ఇనుప కడ్డీని లోనికి లాగుతుంది. ఫ్లిప్పర్ పూర్తిగా లేచిన క్షణాన ఒక చిన్న స్విచ్చి తెరుచుకుని, సన్న చుట్టను కూడా దారిలో చేరుస్తుంది. లేకుంటే కాయిల్ మాడిపోతుంది.

పాత యంత్రాలలో ఆ స్విచ్చి ముఖాలు టంగ్‌స్టన్‌వి. విడిపోయిన ప్రతిసారీ నిప్పురవ్వ పుడుతుంది. ఆ వేడికి లోహం ప్రాణవాయువుతో కలిసి ఆక్సైడు పొర ఏర్పడుతుంది. లెక్క చూడండి: 50 వోల్టులు, 4 ఓములు అయితే ప్రవాహం 12.5 ఆంపియర్లు. ఆ పొర ఒక్క ఓము చేర్చితే 10 ఆంపియర్లే. ఇనుము సంతృప్తం కానంతవరకు లాగే బలం ప్రవాహపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక మిగిలేది 64 శాతం!

రెండు ఫ్లిప్పర్లూ నీరసిస్తే ముందు విద్యుత్ సరఫరాను, కనెక్టర్లను అనుమానించాలి. ఒక్కటే అయితే ప్లగ్గు పీకి, కాసేపాగి, ఆ ఫ్లిప్పర్‌ను చేతితో కదిపి చూడండి. బిగుసుకుంటే నైలాను గొట్టం మార్చి, కడ్డీ కొన అప్పడంలా పరుచుకుందేమో చూడాలి. నూనె మాత్రం వేయకండి. అది దుమ్ముతో కలిసి జిగురు మడ్డి అవుతుంది.

కదలిక సాఫీగా ఉంటే స్విచ్చి ముఖాలను సన్నని ఆకురాయితో శుభ్రపరచండి. అది మరీ ముందుగా తెరుచుకున్నా బలం సగం దారిలోనే పోతుంది. అరగంట ఆడాక మాత్రమే నీరసం కనిపిస్తే, అది సరిగా తెరుచుకోక కాయిల్ వేడెక్కుతున్నదేమో చూడాలి. 60 సెల్సియస్ డిగ్రీల వేడి పెరిగితే రాగి నిరోధం దాదాపు నాలుగోవంతు పెరుగుతుంది.

1990ల తరువాతి అనేక యంత్రాలలో ఈ స్విచ్చి కంప్యూటరుకు సంకేతం పంపడానికే. దాని ముఖాలకు బంగారు పూత ఉంటే ఆకురాయి తగలనివ్వకండి. మందపాటి కాగితం ముక్కతో తుడిస్తే చాలు.