దారం దారి తప్పితే...

మగ్గంమీద నేసింది చీరైతే కట్టుకుంటాం. దుప్పటైతే కప్పుకుంటాం. కట్టుకోవడానికీ కప్పుకోవడానికీ కూడా పనికిరానిదాన్ని నెలల తరబడి కూర్చుని నేస్తే? ‘అదేం పని, ఎవరికోసం’ అంటారు ఇంట్లోవాళ్లు. ముంబయికి చెందిన మోనికా కొరియా దశాబ్దాలపాటు చేసింది అలాంటి పనే. ఆ నేతే ఆమెను 2024లో వెనిస్ బినాలేదాకా తీసుకెళ్లింది. ప్రపంచంలోని పేరున్న కళాకారులు ఒక్కసారైనా చోటు దొరికితే చాలనుకునే ప్రదర్శన అది. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి.

మోనికా చదువుకుంది మైక్రోబయాలజీ. భర్త ప్రముఖ ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా. (ఆయన పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ కార్యాలయ భవనానికి రూపమిచ్చిందీ ఆయనే.) 1962లో భర్తతో కలిసి అమెరికాలోని బోస్టన్ వెళ్లినప్పుడు, ఫిన్లాండ్‌లో పుట్టి అక్కడ స్థిరపడిన నేత కళాకారిణి మరియాన్ స్ట్రెంగెల్ దగ్గర ఆమె మగ్గం ఓనమాలు దిద్దారు. తిరిగొచ్చాక ముంబయిలోని వీవర్స్ సర్వీస్ సెంటర్‌లో మిగతా విద్య నేర్చుకున్నారు.

ఈ సెంటర్ల గురించి కాస్త చెప్పుకోవాలి. చేనేతకు కొత్త డిజైన్లు అందించాలని, పుపుల్ జయకర్ చొరవతో 1950ల్లో మొదలయ్యాయి. వాటిలో ఉద్యోగాలు చేసినవాళ్లలో ప్రభాకర్ బర్వే, జోగెన్ చౌధురి లాంటి చిత్రకారులున్నారు. జోగెన్ కొన్నేళ్లు మద్రాసు కేంద్రంలోనే పనిచేశారు. ఒకే కప్పు కింద బొమ్మలేసేవారూ, రంగులద్దేవారూ, మగ్గం నేసేవారూ. జీతం కోసం వచ్చిన చిత్రకారులకు నూలుతోనూ పరిచయమైంది. మన ఆధునిక కళ చరిత్ర రాసేవాళ్లు ఈ సంగతికి ఇవ్వాల్సినంత చోటు ఇవ్వలేదు.

పన్నె తీసేశారు!

మగ్గంలో పన్నె అని ఉంటుంది. పెద్ద దువ్వెనలాంటి చట్రం. పడుగు పోగులు ఒకదానిమీదికొకటి పోకుండా సమాన దూరంలో నిలబెట్టేదీ, పేక దారాన్ని దగ్గరికి గుద్దేదీ అదే. నేతలో క్రమశిక్షణంతా దానిదేనన్నమాట. మోనికా నేస్తూ నేస్తూ మధ్యలో ఆ పన్నెనే తీసి పక్కన పెట్టేశారు. కాపలా పోయిన పోగులు ఊరుకుంటాయా? పక్కకు జరిగాయి. వంగాయి. కొన్నిచోట్ల గుంపుగా చేరితే, కొన్నిచోట్ల ఖాళీలు వదిలాయి. చూస్తే గాలికి ఊగే చెట్లలా ఉంటాయి. ఏ నేతగాడైనా తప్పు అనేదాన్నే ఆమె బొమ్మగా మార్చుకున్నారు.

మృణాళినీ ముఖర్జీ (1949-2015) ఇంకో అడుగు ముందుకేశారు. మగ్గమే వద్దనుకున్నారు. బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ శిష్యురాలామె. ఆయనా అంతకుముందు అఖిల భారత చేనేత బోర్డులో డిజైన్లు చూసినవారే. మృణాళిని జనపనార తాళ్లకు రంగులేసి, చేత్తో ముడిమీద ముడి వేసుకుంటూ మనిషెత్తు విగ్రహాలు చేశారు. ముందుగా బొమ్మ గీసుకునే అలవాటు లేదు. యక్షి, పుష్ప్, వనశ్రీ అని పేర్లు పెట్టారు. దగ్గరికెళితే దేవతో, విచ్చుకున్న పువ్వో తేల్చుకోలేం. ‘ఇది అల్లిక పని, శిల్పమెలా అవుతుంది’ అని పెదవి విరిచినవాళ్లూ లేకపోలేదు. 2019లో న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియం ఆమె రచనలతో పెద్ద ప్రదర్శనే పెట్టింది. చూడటానికి ఆమె లేరు.

బెంగళూరు కళాకారిణి షీలా గౌడ దారి వేరు. 1998లో మొదలుపెట్టిన ఓ రచనకు ఆమె పెట్టిన పేరుకు ‘నా బాధ అతనికి చెప్పు’ అని అర్థం. దారాలను ఒక్కొక్కటిగా సూది బెజ్జాల్లోంచి లాగి, కుంకుమ, జిగురు పట్టించి పొడవాటి ఎర్రటి తాళ్లు చేశారు. అవి గోడలమీద వేలాడతాయి, నేలమీద పాకుతాయి. చివర సూదులు గుత్తిగా మెరుస్తుంటాయి. దూరంగా నిలబడి చూసే పటం కాదది, గదంతా పరుచుకునే కళ. ఇన్‌స్టలేషన్ అంటే ఇదే. సూదీ దారంతో గంటలకొద్దీ ఆడవాళ్లు చేసే, ఎవరూ లెక్కలోకి తీసుకోని పని ఆ గదిలో తప్పించుకోలేనంత పెద్దదవుతుంది.

ఇక్కడ లెక్క వేరు

పుట్టపాక, పోచంపల్లి మగ్గాల దగ్గరికొస్తే కథ తిరగబడుతుంది. ఇక్కత్‌లో బొమ్మ మగ్గమెక్కకముందే నూలుమీద ఉంటుంది. ఆసు పోసి, లెక్క ప్రకారం పోగులకు కట్లు కట్టి, రంగులో ముంచి, కట్లు విప్పి, మళ్లీ కట్టి ఇంకో రంగులో ముంచుతారు. అన్నీ అయ్యాక నేస్తుంటే పడుగులో సగం, పేకలో సగం ఉన్న బొమ్మ వచ్చి ఒకచోట కలవాలి. చిత్రాన్ని వేల పోగుల్లో చూడగలిగిన కళ్లవి. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన తేలియా రుమాలు ఈ విద్యతో పుట్టిందే. పుట్టపాక నేతన్న గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ వచ్చింది. అలా పేరు బయటికొచ్చినవాళ్లు చాలా కొద్దిమంది.

ముంబయిలో పోగు పక్కకు జరిగితే కళ. ఇక్కడ జరిగితే బొమ్మ చెదురుతుంది, చీరకు ధర పడిపోతుంది, నేసినవాళ్ల కూలీకి కోత పడుతుంది. గ్యాలరీలో బొమ్మ పక్కన అంటించే చీటీలో కళాకారుల పేరు, పుట్టిన సంవత్సరం ఉంటాయి. దుకాణంలో చీరకు కట్టే చీటీలో మాత్రం ఎక్కువగా కనిపించేవి రకం పేరూ, ధరా.