కుందూ పొంగితే శనగ, పాపాఘ్ని పారితే బోరు

కరువు సీమ అని పేరేగానీ వరద దెబ్బ తెలియని మండలం మన జిల్లాలో తక్కువ. ఏడాదికి పడేది సుమారు 700 మిల్లీమీటర్లు. అది కూడా కొన్ని రోజుల్లోనే కుమ్మరించి పోతుంది. పైగా చాలాసార్లు వచ్చే వరద మన వానది కాదు. కుందూ ఓర్వకల్లు వైపు పుట్టి, నంద్యాల మీదుగా నల్లమల వాగుల నీళ్లు కలుపుకుని పెద్దముడియం, రాజుపాలెం మండలాల్లోకి దిగుతుంది. పైన వాన కొడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే చేలల్లోకి నీళ్లొస్తాయి. 2019 సెప్టెంబరులోనూ కుందూ పొంగింది.

సెప్టెంబరు వరద కంటే నవంబరు వానే జమ్మలమడుగు, ప్రొద్దుటూరు రైతును ఎక్కువ ముంచుతుంది. నల్లరేగడిలో పదును చూసి అక్టోబరు, నవంబరుల్లో శనగ విత్తుతారు. ఆ పైన భూమిలోని తేమే పంటను గట్టెక్కిస్తుంది. తేమను పట్టి ఉంచే ఆ గుణమే తుపాను వస్తే శత్రువవుతుంది. నీళ్లు ఇంకవు, వేరుకు గాలి ఆడదు, విత్తనం కుళ్లుతుంది. 2020లో నివర్ తుపాను, మరుసటి నవంబరులో మళ్లీ వానలు. ఎకరాకు 25, 30 కిలోల విత్తనం రెండోసారి కొనాలి, సేద్యం కూలి రెండోసారి ఇవ్వాలి. అప్పు మాత్రం మొదటిసారిదే ఇంకా తీరి ఉండదు.

అందుకే విత్తేటప్పుడే వాలును బట్టి చేలో కాలువలు తీసి పెట్టుకోవాలి. వాన వచ్చాక పార పట్టుకుని పోతే కాలు దిగబడే నేలలో ఏం చేయగలం? కిలో విత్తనానికి 3 గ్రాముల థైరమ్ పట్టిస్తే కుళ్లు కొంత తగ్గుతుంది. మొలిచిన పైరైతే నీళ్లు తీసేశాక లీటరుకు 20 గ్రాముల యూరియా కలిపి పిచికారీ చేస్తే తేరుకుంటుంది. కుందూ గట్టున మోటార్లు పెట్టుకున్నవాళ్లు పైన వాన అని వినగానే విప్పి ఒడ్డుకు చేర్చుకోవాలి. మునిగిన మోటారును మెకానిక్‌కు చూపి, ఆరబెట్టాకే స్విచ్ వేయాలి. కరెంటుతో పంతం పనికిరాదు.

పులివెందుల వైపు కథ వేరు. వేంపల్లె దగ్గర పాపాఘ్ని పారిందంటే రైతు ముఖంలో కళ వస్తుంది. ఇసుకలో ఇంకిన నీళ్లే బోర్లకు ప్రాణం. అయితే అదే పాపాఘ్ని 2021 నవంబరులో కమలాపురం వంతెనను కూల్చేసింది. చీనీ తోటల్లో పాదుల్లో నీళ్లు నిలిస్తే మొదళ్లకు బంక తెగులు పడుతుంది. కాండానికి నీళ్లు తగలకుండా మట్టి ఎగదోసి, బోర్డో పేస్టు పూయాలి.

ఇలా వరద మీద బతికేవాళ్లు మనమొక్కరమే కాదు. ఆఫ్రికాలో సెనెగల్ నది పొడవునా వరద తీశాక తడి నేలలో జొన్న విత్తడం తరాల నాటి సేద్యం. మన శనగలాగే, వానతో పని లేకుండా నేల తేమతోనే పండుతుంది. 1988లో మనంతాలి డ్యాం పూర్తయ్యాక వరద తగ్గింది, ఆ జొన్న నేలలూ తగ్గాయి. వరద రాకపోయినా నష్టమేనని వాళ్లకు అప్పుడు తెలిసొచ్చింది.

పరిహారం సంగతికొస్తే, పంట 33 శాతానికి పైగా పోతేనే పెట్టుబడి రాయితీ. ఈ-పంటలో పేరుండాలి. విత్తి వారం తిరక్కముందే నీళ్లొస్తే చేలో చూపడానికి మొక్కే ఉండదు. ఈ లెక్క ఎక్కడా సరిగా ఒదగడం లేదు. విత్తిన రోజే రైతు సేవా కేంద్రానికి పోయి చెప్పి రావడం, విత్తనం రసీదు దాచుకోవడం మేలు. కౌలు రైతులైతే కార్డు లేకుండా అడిగినా పలికేవారుండరు.

గొర్రెలున్నవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. వానకు మొలిచిన లేత గడ్డి ఆబగా మేస్తే చిటుకు రోగం వస్తుంది. రాత్రి బాగున్న గొర్రె తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. టీకా వానలకు ముందే వేయించాలి, గడ్డి చూశాక కాదు.