తీగ వాడదాకా వచ్చిందా? ఇంటర్నెట్ తొలినాళ్లూ, దళితులూ

ఇంటర్నెట్‌కు కులం లేదు అనే మాట తరచుగా వింటుంటాం. తెర మీద ఎవరు మాలో, ఎవరు బ్రాహ్మలో తెలియదు కాబట్టి అక్కడ అందరూ సమానమే అని వాదిస్తారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కానీ తెర ముందు కూర్చోవాలంటే ముందు ఏమేం ఉండాలి? ఈ ప్రశ్న వేసుకుంటే లెక్క మారిపోతుంది. మన దేశంలో ఇంటర్నెట్ వేసిన తొలి అడుగుల్ని ఈ ప్రశ్నతోనే చూద్దాం.

1980ల రెండో సగంలో ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో 'ఎర్నెట్' మొదలైంది. ఐదు ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ, బొంబాయిలోని ఎన్‌సీఎస్‌టీ, ఎలక్ట్రానిక్స్ శాఖ, ఈ ఎనిమిదే అందులో మొదటి కేంద్రాలు. తెలుగు నేల మీద ఒక్కటీ లేదు. ఐఐటీ ప్రవేశాల్లో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ 1973లో వచ్చింది. బీసీలకు 2008 దాకా రానేలేదు. అంటే ఈ దేశంలో తొలిసారి నెట్‌వర్క్ ముట్టుకున్న చేతులు ఎవరివో వేరే చెప్పక్కర్లేదు.

మామూలు జనానికి ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న. ప్రభుత్వ సంస్థ విదేశ్ సంచార్ నిగమ్ (వీఎస్‌ఎన్‌ఎల్) మహానగరాల్లో దీన్ని మొదలుపెట్టింది. అది ఫోన్ తీగ మీద నడిచే సర్వీసు. మోడెం ఆ తీగ ద్వారానే నంబరు కలిపేది. వేగం 9.6 కిలోబిట్లు. బొమ్మలతో సహా పేజీలు చూసే ఖాతాకు వ్యక్తులు ఏడాదికి 15,000 రూపాయలు కట్టాలి. దానికి కంప్యూటరు ఖర్చు, ఫోన్ బిల్లు అదనం. 1996లో కేంద్రం చెప్పిన జాతీయ కనీస వేతనం రోజుకు 35 రూపాయలు. ఆ కూలి పూర్తిగా చేతికొచ్చినా, తిండి మానేసి 429 రోజులు కూడబెడితే తప్ప ఆ ఖాతా రాదు. 1991 జనాభా లెక్కల ప్రకారం ఎస్సీ శ్రామికుల్లో దాదాపు సగం మంది వ్యవసాయ కూలీలే అన్న సంగతి దీని పక్కన పెట్టి చూడాలి.

డబ్బు ఒక్కటే అడ్డం కాదు. అసలు తీగ ఏది? 1994 జాతీయ టెలికాం విధానం ఒప్పుకున్న లెక్క ఇది: నూటికి 0.8 ఫోన్లు. 5,76,490 గ్రామాల్లో ఫోన్ ఉన్నవి సుమారు 1.4 లక్షలు. ఆ ఫోన్ వచ్చిన ఊళ్లో కూడా అది ఎవరింట్లో ఉండేది? పంచాయతీ ఫోన్ చాలాచోట్ల ఎవరో ఒకరి ఇంట్లోనో, కొట్లోనో పెట్టేవాళ్లు. ఆ అరుగు ఎక్కగలిగినవాడికే ఫోన్. ప్రభుత్వం లెక్కలో ఆ గ్రామానికి ఫోన్ వచ్చినట్టే. వెలివాడ కూడా ఆ లెక్కలోనే కలిసిపోయింది. మంచినీళ్ల బావి విషయంలో జరిగింది కూడా ఇట్లాంటిదే గదా!

ఇంకో అడ్డం భాష. తొలినాళ్ల ఇంటర్నెట్ అంతా ఇంగ్లీషే. 1991 నాటి యూనికోడ్‌లోనే తెలుగు అక్షరాలు చేరాయి. అయినా ఇళ్లల్లో వాడే విండోస్‌లో తెలుగుకు సరైన సదుపాయం దొరికింది 2001లో ఎక్స్‌పీతోనే. అందాకా ఒకరి ఫాంటులో రాసింది ఇంకొకరి దగ్గర గజిబిజిగా కనపడేది. తెలుగు మీడియం సర్కారు బడిలో చదువుకున్న మన పిల్లలకు తీగ దొరికినా మాట దొరకలేదు.

అయితే అంతా చీకటేనని అనలేం. 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు అనుమతి ఇచ్చాక ధరలు తగ్గాయి. పట్నాల్లో నెట్ సెంటర్లు పుట్టాయి. గంటకు ఇంత అని కట్టినవాణ్ణి అక్కడ కులం అడిగే పని లేదు. ఊళ్లో హోటల్ గ్లాసుకు లేని సమానత్వం ఆ కుర్చీకి ఉంది. హాస్టల్ విద్యార్థి ఫలితాలు చూసుకోడానికీ, దరఖాస్తు పెట్టుకోడానికీ దారి దొరికింది. ఈ లాభాన్ని మనం తక్కువ చేయకూడదు.

కానీ ఇదే కాలంలో ఇంకొకటి జరిగింది. వీఎస్‌ఎన్‌ఎల్ 2002లో టాటాల చేతికి పోయింది. ప్రభుత్వ సంస్థగా ఉన్నప్పుడు దాని ఉద్యోగాల్లో మనకు రాజ్యాంగం ఇచ్చిన వాటా ఉండేది. ప్రైవేటు కంపెనీకి ఆ బాధ్యత లేదు. ఇంటర్నెట్ విస్తరిస్తున్నకొద్దీ దాన్ని నడిపే పనిలో రిజర్వేషన్ కుంచించుకుపోయింది. వాడుకరులుగా మనల్ని పిలిచారు, నడిపేవాళ్లుగా కాదు.

2011 జనాభా లెక్కల్లో ఇంట్లో ఇంటర్నెట్ ఉన్న కుటుంబాలు నూటికి 3.1. పల్లెల్లో అయితే 0.7 మాత్రమే. 2016 తర్వాత ఫోన్ డేటా చవకయ్యాక కూడా, 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఇంటర్నెట్ అందుబాటులో ఉన్నవి పట్నాల్లో 42 శాతం, పల్లెల్లో 14.9 శాతం కుటుంబాలే. 2020లో బడులు మూసి పాఠాలు ఫోన్లోకి మార్చినప్పుడు ఈ తేడా చదువు మీదే పడింది.

కాబట్టి 'మీ ఊరికి ఇంటర్నెట్ వచ్చిందా' అని అడిగితే చాలదు. వాడదాకా వచ్చిందా, ఎవరి గుమ్మం మీదుగా వచ్చింది, ఏ భాషలో వచ్చింది, దాన్ని నడిపేవాళ్లలో మనవాళ్లు ఎందరు అని అడగాలి. ప్రభుత్వాలు ఊరి లెక్క చెబుతాయి. వాడ లెక్క మనమే తీయాలి. టీచర్లు, విద్యార్థులు, కార్యకర్తలు తమ తమ ఊళ్లలో ఈ లెక్క రాయడం మొదలుపెడితే, వాటా అడగడానికి మన చేతిలో ఆధారం ఉంటుంది.