పది డెసిబెళ్లంటే పది రెట్లు

రాత్రి పదిన్నర. వీధిలో షామియానా ముందు డీజే మోగుతోంది, కిటికీ అద్దాలు అదురుతున్నాయి. ఇంట్లో పసిబిడ్డకు నిద్ర లేదు.

శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు (2000) నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెళ్లను పరిమితిగా పెట్టాయి. మోత దానికి పైన 10 డెసిబెళ్లు దాటితే ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. పదే కదా అనిపిస్తుంది. కానీ ఇది లాగరిథమ్ కొలత. 45 కాస్తా 55 అయిందంటే శబ్ద తీవ్రత పది రెట్లు పెరిగినట్టు.

అసలు చిక్కు మీటరుతోనే. మన చెవి లోతైన ధ్వనులను తక్కువగా వింటుంది కనుక, నిబంధనల్లో వాడే ‘ఎ’ స్కేలు కూడా వాటిని తగ్గించి లెక్కిస్తుంది. 63 హెర్ట్జ్ దగ్గర ఆ తగ్గింపు సుమారు 26 డెసిబెళ్లు. గోడలు దాటి లోపలికొచ్చే డీజే బేస్ అక్కడిదే! గుండె అదిరినా మీటరులో అంకె చిన్నగానే కనిపించవచ్చు.

రాత్రి పది తర్వాత మాత్రం ఈ లెక్కతో పనిలేదు. ఆరుబయట లౌడ్‌స్పీకర్ మోగడమే ఉల్లంఘన. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా.

ప్రశాంతంగా బతకడం 21వ అధికరణం ఇచ్చిన హక్కులో భాగమేనని, వినడం ఇష్టంలేని వారి చెవుల్లో మోత మోగించడం వాక్ స్వాతంత్ర్యం కాదని సుప్రీంకోర్టు 2005 జులై 18న తేల్చింది. ఫిర్యాదుకు 112కు ఫోన్ చేయవచ్చు. మోత మొదలైన సమయం, చోటు రాసిపెట్టుకుంటే మేలు.