మాత్ర నలిపి వేస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి!

ఈ ఎపిసోడ్ మా ఊరు కోటబొమ్మాళి నుంచే. బీటెక్ చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినోడివి, మందుల గురించి నీకేటి తెలుసు అంటారా? నేను చేసిన ఒక తప్పు వల్ల తెలుసుకున్నాను.

మా అమ్మమ్మకి బీపీ. ఓ రోజు "గొంతు దిగట్లేదురా" అంది. ఆవిడ వేసుకునే నిఫెడిపిన్ రిటార్డ్ మాత్రని చెంచాతో నలిపి, నీళ్లలో కలిపి నేనే తాగించాను. కాసేపటికి మంచం మీంచి లేవబోయి, కళ్లు తిరిగి కూలబడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్తే బీపీ బాగా పడిపోయిందన్నారు. అదృష్టం బాగుండి కోలుకుంది. తర్వాత స్ట్రిప్ పట్టుకుని మందుల షాపుకెళ్తే, ఫార్మసిస్ట్ అడిగిన మొదటి ప్రశ్న: "నలిపి ఇచ్చారా?"

విషయం ఏంటంటే, మందు ఒకటే అయినా దాని రూపం వేరుగా ఉంటుంది. ఆ రూపానికి ఓ కారణం ఉంటుంది.

పేరు చివర ఎస్ఆర్, ఈఆర్, ఎక్స్ఎల్, రిటార్డ్ అని ఉంటే, మందు గంటల తరబడి కొద్దికొద్దిగా విడుదలవుతుంది. నలిపితే అంతా ఒక్కసారే ఒంట్లోకి వెళ్లిపోతుంది. రోజంతా రావాల్సిన డేటా ప్యాక్ పొద్దున్నే ఖాళీ అయినట్టు. పైగా ఇక్కడ ప్రాణం మీదకి రావచ్చు.

గ్యాస్‌కి వాడే పాంటోప్రజోల్ మాత్రకి ఎంటరిక్ కోటింగ్ ఉంటుంది. కడుపులోని యాసిడ్‌కి ఆ మందు పాడైపోతుంది కాబట్టి, పేగుల్లోకి వెళ్లాకే కరిగేలా ఆ పూత వేస్తారు. నలిపితే ఆ పూత పోయినట్టే.

గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇంకో రకం. అక్కడ్నుంచి నేరుగా రక్తంలోకి వెళ్తుంది కాబట్టి త్వరగా పనిచేస్తుంది. దాన్ని మింగేస్తే ఆ లాభం తగ్గిపోతుంది.

పిల్లల డ్రై సిరప్‌లో కాచి చల్లార్చిన నీళ్లు గీత వరకే పోయాలి. ఎక్కువ పోస్తే డోసు పలచబడుతుంది. ప్రతిసారీ బాగా కలిపి ఇవ్వాలి. ఎన్ని రోజులు వాడొచ్చో లేబుల్ మీదే ఉంటుంది.

1948 ఫార్మసీ చట్టం ప్రకారం, డాక్టర్ రాసిన మందుల్ని రిజిస్టర్డ్ ఫార్మసిస్టే ఇవ్వాలి. ఎలా వాడాలో చెప్పడం కూడా వాళ్ల పనేనని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ చెప్తున్నాయి. కాబట్టి మొహమాటపడకండి. "దీన్ని నలపొచ్చా? సగం చేయొచ్చా? తినకముందా, తిన్నాకా?" అని అడగండి. మింగలేకపోతే మాత్ర మానేయొద్దు, డాక్టర్‌కి చెప్పండి. సిరప్పో, వేరే మాత్రో రాస్తారు.

ఇప్పుడు అమ్మమ్మ మాత్ర మారింది. నేను మాత్రం చెంచా తీసేముందు స్ట్రిప్ చదువుతున్నాను. ఇవాళ మీ ఇంట్లో పెద్దోళ్ల మందుల డబ్బా ఓసారి తెరిచి చూడండి. మళ్లీ కలుద్దాం!