స్నానాల గదికి నేల కింది మురుగు గొట్టాలు: లెక్క పునాది దశలోనే తేలాలి

(ప్రత్యేక వ్యాసం)

ఉన్న ఇంటిని ఆనుకొని మరొక గదిని, దానితో పాటు స్నానాల గదిని, మరుగుదొడ్డిని నిర్మించుకొనుట పట్టణాలలోను, పెద్ద గ్రామాలలోను సర్వసాధారణమైనది. అయితే టైల్స్ ఎంపికపై చూపుచున్న శ్రద్ధలో సగమైనను నేల కింద సాగే గొట్టాలపై కనిపించుట లేదు. గోడ రంగు నచ్చకున్న మార్చుకొనవచ్చును. గొట్టం వాలు తప్పినచో మాత్రం పరచిన గ్రానైట్‌ను పగులగొట్టుట తప్ప మరొక మార్గం ఉండదు.

ఈ ప్రణాళికను బయటి నుండి లోపలికి వేసుకొనవలెను. మేస్త్రీలు సాధారణంగా ముందు మరుగుదొడ్డి స్థానాన్ని నిర్ణయించి, ఆ తరువాత గొట్టాన్ని ఎటు పంపవలెనో ఆలోచిస్తారు. నిజానికి మొదట చూడవలసినది మురుగు చేరవలసిన ఛాంబరు అడుగు ఎంత లోతున ఉన్నదన్న విషయం. మూత తీసి, టేపుతో కొలిచి, పారదర్శక నీటి గొట్టంతో ఆ మట్టాన్ని కొత్త గది వరకు తెచ్చుకొనవచ్చును. ఇది అరపూట పని.

మరుగుదొడ్డి నుండి వచ్చే 110 మిల్లీమీటర్ల పి.వి.సి. గొట్టానికి 40 మీటర్లకు ఒక మీటరు వాలు ఇచ్చుట వాడుక. 60 మీటర్లకు ఒక మీటరు కన్న తగ్గుట మంచిది కాదు. ఛాంబరు అడుగు నేలమట్టానికి 600 మిల్లీమీటర్ల దిగువన, కొత్త స్నానాల గదికి 10 మీటర్ల దూరంలో ఉన్నదనుకొందము. వాలుకు 250 మిల్లీమీటర్లు పోగా, గది వద్ద గొట్టం అడుగు నేలమట్టానికి 350 మిల్లీమీటర్ల దిగువన ఉండును. బేస్‌మెంట్ ఎత్తు 450 మిల్లీమీటర్లయినచో గచ్చు నుండి గొట్టం అడుగు వరకు 800 మిల్లీమీటర్లు లభించును. ఈ స్థలంలో ట్రాపులు, బెండ్లు సులభంగా అమరును.

చిక్కు మరొకచోట ఉన్నది. పాత సిమెంటు రోడ్డును తొలగించకుండా దానిపైనే కొత్త రోడ్డు వేయుట వలన అనేక వీధులలో రోడ్డు, దానితో పాటు కాలువ పైకి లేచి ఇండ్లు పల్లమైనవి. ఛాంబరు అడుగు కేవలం 200 మిల్లీమీటర్ల లోతున ఉన్నచో, పై లెక్క ప్రకారం గొట్టం గది వద్ద నేలమట్టానికి 50 మిల్లీమీటర్ల ఎగువన మొదలు కావలెను. పెరటిలో అది బయటకు తేలును. అటువంటప్పుడు స్నానాల గదిని ఛాంబరు వైపుకు జరుపుకొనవలెను, లేదా బేస్‌మెంట్ ఎత్తు పెంచి గొట్టాన్ని గోడ వెంట కప్పి తీసికొనిపోవలెను. వాలును దొంగిలించుట మాత్రం పరిష్కారం కాదు. అవసరానికి మించి వాలు ఇచ్చినను లాభం లేదు. చివరకు గొట్టం ఛాంబరు అడుగు కన్న కిందికి పోవును.

అన్నిటి కన్న ప్రమాదకరమైన పొరపాటు పాత సెప్టిక్ ట్యాంకుపైననే కొత్త గది కట్టుట. స్థలం చాలదన్న కారణంతో ఇది తరచుగా జరుగుచున్నది. మూత గచ్చు కిందికి పోయిన తరువాత యంత్రపు గొట్టం లోనికి దిగదు. అప్పుడు మనిషిని దింపవలెనన్న ఆలోచన వచ్చును. సెప్టిక్ ట్యాంకులోనికి రక్షణ సాధనాలు లేకుండా మనిషిని దింపుట 2013 నాటి చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి రెండేండ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధింపవచ్చును. ఈ నిషేధం ఇంటి యజమానికి కూడ వర్తించును. మురుగు పనులలో మరణించిన వారి కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వవలెనని సుప్రీం కోర్టు 2023 అక్టోబరులో ఆదేశించినది. కావున మూత ఆరుబయట ఉండునట్లు, ట్యాంకరు గొట్టం చేరునట్లు చూచుట అలంకార విషయం కాదు. ట్యాంకు నుండి వచ్చు నీటిని ఇంకించు గుంత తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరంలో ఉండవలెను.

గొట్టాలు వేయుటకు ముందే కమోడ్‌ను కొని తెచ్చుకొనుట మేలు. నేలలోనికి దిగు రకంలో గోడ నుండి రంధ్రానికి గల దూరం ఒక్కొక్క నమూనాకు ఒక్కొక్క విధంగా ఉండును. మలుపు వద్ద 90 డిగ్రీల బెండు ఒకటి వాడుటకు బదులు 45 డిగ్రీలవి రెండు వాడవలెను. పునాది గోడను దాటుచోట గొట్టాన్ని కాంక్రీటులో బిగించక, పెద్ద తొడుగు గొట్టం గుండా పోనివ్వవలెను. గోడ కొద్దిగా కుంగినను అప్పుడు గొట్టం విరుగదు. నల్లరేగడి నేలలలో ఇది మరింత అవసరం. ఆ మట్టి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారును గనుక గొట్టం చుట్టూ ఇసుక పరుపు వేయవలెను.

నహానీ ట్రాపులో 50 మిల్లీమీటర్ల నీరు నిలిచి ఉన్నంతవరకే దుర్వాసన లోనికి రాదు. చుట్టాలు వచ్చినప్పుడు మాత్రమే వాడే స్నానాల గదిలో ఆ నీరు ఆవిరైపోవును; వారానికొకసారి చెంబెడు నీరు పోయుట చాలును. గాలి గొట్టాన్ని కిటికీలకు దూరంగా, పైకప్పు మీది వరకు తీసికొనిపోవలెను.

మట్టి కప్పుటకు ముందు పరీక్ష తప్పనిసరి. గొట్టం దిగువ కొనను మూసి, నీరు నింపి, కనీసం అరగంట మట్టం తగ్గుచున్నదేమో చూడవలెను. ఒక కొన వద్ద దీపం, మరొక కొన వద్ద అద్దం ఉంచి గొట్టం సూటిగా ఉన్నదో లేదో తెలిసికొను పద్ధతి పాతదే అయినను నేటికీ నమ్మదగినది. గొట్టం లోపలి వ్యాసం కన్న 13 మిల్లీమీటర్లు తక్కువ గల నున్నని బంతిని పై నుండి విడిచినచో, అడ్డేమీ లేకున్న దానంతట అదే ఛాంబరులోనికి దొర్లి వచ్చును.

ఈ పరీక్షలు ముగిసిన వెంటనే, ఇసుక పోయకముందు, ప్రతి బెండు రెండు గోడల నుండి ఎంత దూరంలో ఉన్నదో కొలిచి కాగితంపై వ్రాసికొని, సెల్‌ఫోనుతో ఫోటోలు తీసి, ఇంటి పత్రాలతో పాటు భద్రపరచవలెను.