ఇది ఎక్కడి సరుకు?

ఇనుప వస్తువును బేరమాడునపుడు మన పల్లెలలోని పెద్దలు ధరకంటె ముందుగా నడుగు ప్రశ్న యొకటి కలదు: "ఇది ఎక్కడి సరుకు?" గడియారమైనను, కుట్టుమిషనైనను, నూనె ఇంజనైనను, బోరింగు గొట్టమైనను ఈ ప్రశ్న తప్పదు. అంగడివాడును జవాబునకు సిద్ధముగనే యుండును. ఒక దేశము పేరు చెప్పి ధర పెంచును. వేరొక దేశము పేరు చెప్పి తగ్గించును. కొనువాడు తల యూపును. ఆ జవాబువలన వస్తువుయొక్క మంచిచెడ్డలు ఎంతమాత్రము తెలియునో నేడు మీతో విచారింప దలచితిని.

మన తాతలు పరదేశపు సరుకును సీమసరుకనిరి. సీమసున్నము, సీమపెంకు, సీమగుడ్డ యనగా బిలాతినుండి దిగినవి. ఆ మాటలోనే మేలిరక మను ధ్వని యుండెడిది. 1928లో నంద్యాల సభయందు, అనంతపురము కళాశాలలో పనిచేసిన చిలుకూరి నారాయణరావుగారు మన దత్తమండలమునకు రాయలసీమ యను పేరు సూచించిరి. నాటినుండి మనకు సీమ యనగా మన నేలయే. ఇప్పుడు సీమసరుకన్నచో మనుమడు తాడిపత్రి నాపరాయి యనుకొనును, తాత బర్మింగుహాము తాళము తలచుకొనును. మాట యొక్కటే, అర్థము ఏడు సముద్రము లవతలికి పోయి వచ్చినది. దేశముల పేరుప్రతిష్ఠలును ఇట్లే తిరుగుచుండును.

ఇందుకు జర్మనీ కథ చాలును. 1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియా ప్రదర్శనమును చూచిన ఫ్రాంజ్ రూలో అను జర్మను యంత్రశాస్త్రజ్ఞుడే, తన దేశపు సరుకు చౌకయును నాసియును అని వ్రాసి స్వదేశస్థుల కోపమునకు గురియైనాడు. ఇంగ్లండులో షెఫీల్డు కత్తుల పనివారు, జర్మనీలోని జోలింగెను కత్తులు తమ పేరుతో అమ్ముడుపోవుచున్నవని మొరపెట్టుకొనిరి. 1887లో బ్రిటిషు పార్లమెంటు ఒక శాసనము చేసి, పరదేశపు సరుకుపై ఆ దేశము పేరు ముద్రింపవలెనని విధించెను. 1889లో మన దేశమునకును అటువంటి చట్టమే వచ్చినది. "మేడ్ ఇన్ జర్మనీ" యను ముద్ర, నాసిసరుకు జాగ్రత్త యని హెచ్చరించుటకు పుట్టినది. ఇరువది ముప్పదియేండ్లు గడచునప్పటికి జనులు ఆ ముద్ర కొరకే వెదకి కొనసాగిరి! జపాను సంగతియు నంతే. రెండవ ప్రపంచయుద్ధమునకు ముందు జపాను బొమ్మ యనగా సంత దాటకముందే విరుగున దని పేరు. 1950లో డెమింగు అను అమెరికా గణాంకశాస్త్రజ్ఞుడు అచ్చటి యంత్రశాలల వారికి, తయారైన పిదప చెడ్డదానిని ఏరివేయుటకాదు, తయారగుచుండగనే కొలిచి సరిదిద్దుట నేర్చుకొనుడని ఉపన్యసించెను. వారు నేర్చుకొనిరి. ఆ నేలయు మారలేదు, ఆ మనుష్యులును మారలేదు, కొలత మారినది.

ఇక పిస్తోలు మాట చెప్పెదను. పల్లెలో కూర్చున్న మనకు పిస్తోలుతో నేమి పని యనవచ్చును. పని లేదు. కాని తప్పును సహింపని ఇనుపవస్తువు అంతకంటె లేదు గనుక పరీక్షకు మంచి యుదాహరణము. 1915లో ఫ్రాన్సు ప్రభుత్వమునకు యుద్ధమునకై చౌకపిస్తోళ్లు కావలసివచ్చినవి. స్పెయిను దేశములోని ఏబారు పట్టణమున ఒక కంపెనీ రూబీ యను పిస్తోలు చేసియిచ్చుటకు ఒడంబడెను. నెలకు కావలసిన వేలు తానొక్కటే చేయలేక పొరుగువారికి పంచినది. పోనుపోను పదుల కొలది కార్ఖానాలు అదే నమూనాను చేయసాగినవి. దేశ మొకటి, ఊరొకటి, నమూనా యొకటి. ఐనను ఒకరు చేసిన దానిలోని గుళ్లపెట్టె వేరొకరు చేసినదానిలో సరిగా ఇమడదు! కొన్ని యేండ్లతరబడి పనిచేసినవి, కొన్నిటి ఉక్కు మెత్తనై త్వరలో అరిగిపోయినవి. ఎవరిది ఏదియో తెలియుటకు కార్ఖానాగుర్తు వేయవలసివచ్చినది. దీనికి ఎదురుగా లీ ఎన్‌ఫీల్డు తుపాకిని చూడుడు. ఇంగ్లండులో ఎన్‌ఫీల్డునందును, బెంగాలులో ఇషాపూరునందును, ఆస్ట్రేలియాలో లిత్‌గోనందును అదే తుపాకిని చేసిరి. మూడు ఖండములైనను కొలగేజులు ఒక్కటే.

బర్మింగుహామున 1813లో పార్లమెంటు శాసనముచే ఒక పరీక్షాగృహము ఏర్పడినది. అచ్చట ప్రతి తుపాకి గొట్టములోను మామూలుకంటె హెచ్చు మందు దట్టించి కాల్తురు. పగులనిదానిపై ముద్ర వేయుదురు. ఆ ముద్ర "ఇది ఫలానిదేశపుది" అని చెప్పదు. "ఇది ఈ దెబ్బకు నిలిచినది" అని చెప్పును. ఈ రెండు మాటలకుగల భేదమే నేటి మన ప్రసంగమునకు మూలము.

మన జిల్లాలో మందుగుండుకంటె నీటితోనే ప్రాణములు ముడివడియున్నవి. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడు నేల మనది. అదియు ఒక యేడు కురిసి రెండేండ్లు మొగముచాటు చేయును. కపిలబావులు ఎండిపోయినపుడు పల్లెను నిలిపినది బోరింగు. ఆ బోరింగు పుట్టుపూర్వోత్తరములు తెలిసినవారు తక్కువ గనుక కొంచెము నిదానించి చెప్పెదను.

1966-67లో బీహారున మహాక్షామము వచ్చినపుడు, గట్టిరాతిని గాలిసుత్తితో తొలుచు యంత్రములను యూనిసెఫ్ సంస్థవారు తెప్పించిరి. నల్లరాతి పీఠభూము లన్నింటను బోర్లు పడినవి. బోరు పడినది గాని దానిపై పెట్టిన పంపో? అమెరికాలోను ఐరోపాలోను ఒక రైతు తన పెరటిలో పెట్టుకొని దినమునకు పదిసారులు కొట్టుకొను పోతయినుప పంపునకు అది నకలు. మన యూరిలో దానిపై తెల్లవారుజామునుండి పొద్దుగూకువరకు వందలకొలది చేతులు పడెను. పైగా మన మూసపోతవారు బేరమునకు తగ్గట్టు లోహమును పలుచన చేసిరి. పిడి విరుగును, ఇరుసురంధ్రము అరుగును, పోతయినుము గనుక ఊరికమ్మరి అతుకలేడు. 1970ల నడుమ విచారించి చూడగా పెట్టిన పంపులలో నాలుగింట మూడు పనిచేయుట లేదని తేలినది. అప్పుడు కొందరు "మనవారు చేసినది గనుక ఇట్లున్నది, బిలాతినుండి తెప్పింపవలె" ననిరి. కొందరు "బిలాతి నమూనా గనుక ఇట్లున్నది" అనిరి. ఇరువురును దేశమునే తిట్టిరి. దోషము దేశములో లేదు. ఒక కుటుంబమునకై పుట్టిన వస్తువును ఊరంతటికి కట్టిపెట్టుటలో నున్నది.

మహారాష్ట్రమున జాల్నాలోను షోలాపూరులోను బోర్లు త్రవ్వించుచున్న క్రైస్తవమిషనుల వారికి ఈ బాధ ముందే తెలిసినది. వారు పోతయినుమును విడిచి ఉక్కుతో పంపు చేసిరి. పిడికి ఒక్క ఇరుసు. కడ్డీ పక్కలకు ఒరుసుకొనక నిట్టనిలువుగా దిగుటకు గొలుసు. షోలాపూరు పంపును ఆధారముగా గొని, యూనిసెఫ్ వారును, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ అను ప్రభుత్వ కార్ఖానావారును, అచ్చటి యంత్రపరిశోధనశాలవారును కలిసి క్రొత్త నమూనా సిద్ధపరచిరి. కోయంబత్తూరు జిల్లాలో లోతుబోర్లపై 1976-77లో దానిని పరీక్షించి, 1977-78 ప్రాంతమున తయారీ మొదలిడిరి. అదియే ఇండియా మార్కు టూ. 1979లో దానికి జాతీయప్రమాణ మేర్పడినది; దాని సంఖ్య 9301.

ఈ ప్రమాణమే అసలు సంగతి. నమూనాను ఎవరును తమ సొత్తుగా పెట్టుకొనలేదు. దేశములో ఏ కార్ఖానావాడైనను చేయవచ్చును. కాని ప్రతి ముక్కకు కొలత, లోహము, పూత నిర్ణయింపబడినవి. యూనిసెఫ్ కొన్న పంపులను కార్ఖానాతో సంబంధము లేని వేరొక సంస్థవారు వచ్చి గేజులు పెట్టి చూచి, ఒప్పినవానిని పంపి ఒప్పనివానిని త్రోసివేసిరి. 1980లలో ప్రపంచబ్యాంకువారు నానాదేశపు చేతిపంపులను ఇంగ్లండులో ఒక పరీక్షాశాలయందును, పలుదేశముల పల్లెలయందును కొట్టించి చూచినపుడు, మన పంపు లోతునీటికి గట్టిపిండ మని తేలినది. దాని కొఱతయు తేలినది: అడుగున తోలువాషరు మార్చవలెనన్నచో గొట్టములన్నియు పైకి లాగవలెను. అందుచేత కోయంబత్తూరులోనే గొట్టము లాగకయే కడ్డీని మాత్రము పైకి తీయు మార్కు త్రీని కల్పించిరి. తోలునకు మారుగా రబ్బరు వాషరు పెట్టిరి. మార్కు టూ ఆఫ్రికాదేశము లనేకములకు పోయినది. కరవుపాలైన మన రాతినేలకు పుట్టిన వస్తువు పరులకు సీమసరుకైనది!

ఇచ్చట కథ ముగియవలసినది గాని ముగియలేదు. అదే భారతదేశమునుండి, అదే మార్కు టూ పేరుతో పోయిన గొట్టములు కొన్నిచోట్ల రెండుమూడేండ్లకే తుప్పుపట్టి తెగినవి. కొంత ఆ నేలలోని పులుపునీటి దోషము, కొంత సరుకు దోషము. కొన్నవారు తక్కువ ధర చూచిరి, పరీక్షించువారిని పెట్టుకొనలేదు. 2022లో ఈ తుప్పును గూర్చి యొక అధ్యయనము వెలువడినది. రూబీ పిస్తోలు కథయే మరల!

నేను కల్యాణదుర్గము ప్రాంతమున ఒక పల్లెలో దీనిని కన్నులార చూచితిని. పంచాయతీవారు కొత్త గొట్టములు రెండు అంగళ్లనుండి తెప్పించిరి. రెంటిమీదను మన దేశము పేరే. రెండవ అంగడివాని ధర తక్కువ. నేను ఉల్లిగడ్డలు తూచు తక్కెడ తెప్పించి, మూడుమీటర్ల గొట్టము నొక్కొక్కటి తూచి చూచితిని. ఒకటి తొమ్మిదిన్నర కిలోలకు కొంచె మటునిటు. రెండవది ఎనిమిది కిలోలకు లోపు. కొందరు "తేలికయే మంచిది గదా, లాగుట సులభము" అనిరి. లెక్క చూడుడు. మంచిగొట్టపు గోడమందము 3.2 మిల్లీమీటర్లు, తేలికదానిది 2.6. కొనను మరచుట్టు కోసినపుడు రెంటిలోను సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు లోహము పోవును. మొదటిదానిలో 1.7 మిగులును, రెండవదానిలో 1.1 మాత్రమే. నలువదియైదు మీటర్లలోతు బోరులో పదునైదు గొట్టములు, వానిలోని నీరు కలిపి సుమారు రెండువందల కిలోలు ఆ పైగొట్టపు మరచుట్టుపై వ్రేలాడుచుండును. ప్రతి యూపునకు అది అదరును. తేలికగొట్టము అచ్చటనే తెగును. తెగినపుడు గొట్టములు, కడ్డీలు, సిలిండరు సమస్తము బోరులో పడును. గొట్టము పోయినందుకు కాదు, బోరు పోయినందుకు ఏడ్వవలెను.

ఇట్లన్నందుకు దేశము పేరున కేమియు విలువ లేదని నేననుట లేదు. విలువ కలదు, కాని వేరువిధమున. వాషరు కల్యాణదుర్గమున దొరకని పంపు ఎంత గొప్పదేశపుదైనను మనకు చెడ్డపంపే. మోసపోయినపుడు వ్రాసిన ఫిర్యాదు చేరగల చోటు మన దేశములోనిదైన మేలు. పిడి ఇరుసులో నున్న బంతిబేరింగులపై 6204 అను సంఖ్య యుండును. స్వీడనులో చేసినను జపానులో చేసినను మన దేశమున చేసినను ఆ సంఖ్యగలది అచ్చట ఇమడును. ఇముడుట వేరు, మన్నుట వేరు. కాగితపు పెట్టెమీద గొప్పపేరు ముద్రించిన నకిలీ బేరింగు సరిగా ఇమిడి ఆరునెలలలో గొణుగుట మొదలిడును.

పంపు ఎంత మంచిదైనను చేయలేని పనులును కలవు. మార్కు టూ సుమారు 50 మీటర్ల లోతునుండి నీరు తెచ్చుటకు పుట్టినది. పిడిచివర బరువు చేర్చి మరింత లోతునకు చేసిన రకము వేరుగ కలదు. నీరు అంతకును క్రిందికి దిగిన బోరులో ఏ దేశపు చేతిపంపును గాలినే మ్రింగును. నీటిలో ఫ్లోరైడున్నచో దానిని పంపు తీసివేయదు. అది పరీక్షశాలకు సీసాలో పంపి తెలిసికొనవలసిన సంగతి.

కనుక పంచాయతీకై సరుకు కొనునపుడు నేను చూచు విధము చెప్పెదను. గొట్టమును తూచెదను. మరచుట్టును వ్రేలితో తడవి, పూత పొరలు లేచుచున్నదా యని చూచెదను. తుత్తునాగపు పూత, అనగా అందరు చెప్పు జింకు, కాచిన లోహములో ముంచి వేసినదైన గొట్టము లోపలివైపునను ఉండును. పైపైన వెండిరంగు పూసినదైన లోపల ఇనుము నల్లగ కనబడును. పిమ్మట ప్రమాణపు ముద్ర చూచెదను. ముద్రకు పైన ప్రమాణసంఖ్యయు, క్రింద సి.ఎం. బార్ ఎల్. అని మొదలగు లైసెన్సు సంఖ్యయు నుండవలెను. ఈ రెండును లేక ఉత్త ముద్ర మాత్రమే యున్నచో ఆ సరుకును ముట్టను. లైసెన్సు సంఖ్య నిజమైనదగునో కాదో ప్రమాణసంస్థవారి పట్టికలో చూచుకొనవచ్చును; పిల్లలచేతి ఫోనులోనే అది తెలియును. ఆ సంఖ్యను, అంగడివాని పేరును, కొన్న తేదీని పంచాయతీ పుస్తకములో ఏ బోరింగున కా బోరింగు ఎదుట వ్రాయించుడు. గొట్టము తెగిననాడు గుమాస్తా మారియుండును, సర్పంచి మారియుండును, అంగడివాడు "మా సరుకు కాదు" అనును. ఆ పుటను అతనిముందు పెట్టవచ్చును.